సిరిల్ కప్పు తిప్పడం మానేశాడు

ఆదివారం బడి ఉండదు. బడి లేకపోతే పిల్లలు రారు, పిల్లలు రాకపోతే వాళ్లను రోడ్డు దాటించే పనీ ఉండదు. బ్రాక్‌షాలో ఈ సంగతి పాలబండి వాడి దగ్గర్నించి చర్చి ఫాదరు దాకా అందరికీ తెలుసు. అయినా ఆ ఆదివారం పొద్దున సిరిల్ ఆష్‌వర్త్ తెల్లకోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, గుండ్రటి పలక బిగించిన పొడుగాటి కర్ర పట్టుకుని మిల్లు రోడ్డు మలుపులో నిలబడ్డాడు. ఆ కర్ర పిల్లలు చప్పరించే లాలీపాప్‌లా ఉంటుంది కనక ఆ పని చేసేవాణ్ని లాలీపాప్ మనిషి అంటారు. అలా పిలిస్తే సిరిల్ మురిసిపోతాడు.

ముందుగది కిటికీలోంచి అతని భార్య మేవిస్ చూస్తూనే ఉంది. ఒక కారు వచ్చింది. సిరిల్ నడిరోడ్డు మీదికి నడిచి కర్ర ఎత్తాడు. కారు ఆగింది. దాని వెనక ఇంకోటి వచ్చి అదీ ఆగింది. సిరిల్ ఖాళీ ఫుట్‌పాత్ వైపు చూసి నవ్వి, "తోసుకోకండర్రా, నెమ్మదిగా రండి" అని ఎవరూ లేని చోటికి చెప్పాడు. లేని పిల్లలంతా దాటేదాకా ఆగి, లేని ఆఖరి పిల్ల తల నిమిరి, కర్ర దించుకుని వెనక్కి వచ్చాడు. ముందు కారులో ఉన్నవాడు మాంసం కొట్టు హోవర్త్. స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తి, తల ఊపి, చర్చికి వెళ్లిపోయాడు. వెనకవాడూ వేలెత్తాడు.

ఒక్కడూ హారన్ కొట్టలేదు. ఆ ఊళ్లో హారన్ కొట్టడమంటే తల్లిని తిట్టినంత పని.

"ఒక్కడైనా కొట్టకూడదా దేవుడా" అనుకుంది మేవిస్. "ఒక్కడైనా తల బయటపెట్టి, ఏం ముసలాడా, మతి పోయిందా అని అరవకూడదా."

ఎవరూ అరవరు. అరవకుండా ఉండటం ఆ ఊరికి నేర్పింది తనే. అదీ ఆమె బాధ.

సిరిల్ మిల్లులో మగ్గాల మేస్త్రీగా చేసేవాడు. మేస్త్రీలంటే ఆ లోయలో అందరికీ లోకువే. వాళ్ల తెలివితక్కువతనం మీద చెప్పుకునే జోకులు ఏ పెళ్లిలో విన్నా తరిగేవి కావు. అందరికంటే ఎక్కువ జోకులు చెప్పేది మేస్త్రీలే. మేవిస్ అదే షెడ్డులో నేత పని చేసేది. వందల మగ్గాలు ఒక్కసారి ఆడితే పక్కనున్న మనిషి గొంతు కూడా వినబడదు. అందుకని అక్కడ అందరూ పెదాలతోనే మాట్లాడుకునేవారు, నోరు బార్లా సాగదీసి, కనుబొమలూ చేతులూ కలిపి. చప్పుడు అక్కర్లేదు. షెడ్డు ఆ చివర ఉన్నవాళ్లతో కూడా కబుర్లాడొచ్చు. నూలును అటూ ఇటూ మోసే నాడె ఎక్కడైనా ఇరుక్కుంటే నేతగత్తెలు పెదాలతోనే కేకేసేవారు, మేస్త్రీ చెయ్యెత్తి మగ్గం ఆపేవాడు.

ఒకరోజు సిరిల్ ఆమె మగ్గం కింద దూరి, చాలాసేపు ఏదో బిగించినట్టు నటించి, పైకి లేచి పెదాలతో అన్నాడు:

"నీ మగ్గానికి జబ్బేం లేదు. నిన్ను చూడ్డానికే వచ్చా."

"చూశావుగా, ఇంక పో" అంది మేవిస్, పెదాలతోనే.

పెదాలు చదవడం అందరికీ వచ్చునని ఇద్దరికీ ఆ క్షణంలో గుర్తు లేదు. షెడ్డు షెడ్డంతా పగలబడి నవ్వింది. నవ్వులు వినబడలేదు, పళ్లు కనబడ్డాయి. మేవిస్ ముఖం కందగడ్డ అయింది. ఆ ఏడాదే పెళ్లి కుదిరింది.

మొదటిసారి అతన్ని టీకి ఇంటికి తీసుకెళ్లినప్పుడు సిరిల్ ఏం చేశాడంటే, కప్పును సాసరు మీద ఒక చుట్టు పూర్తిగా తిప్పి అప్పుడు తాగాడు. రెండో కప్పూ అంతే. మేవిస్ తల్లి చూసింది. అతను వెళ్లాక అడిగింది.

"ఆ తిప్పుడేంటే?"

"అదో క్వర్క్, అమ్మా. ఆయనకంతే."

"క్వర్కా! కొండమీద బంగళాల్లో ఉన్నవాళ్లకైతే క్వర్కులుంటాయి. మిల్లులో పనిచేసేవాళ్లకుంటే దాన్ని పిచ్చంటారు."

మేవిస్‌కు ఒళ్లు మండింది. బంగళాల వాళ్లకుంటే లేని తప్పు సిరిల్‌కుంటే వచ్చిందా అనుకుంది. ఆ పంతంతో నలభై ఏళ్లు ఆ మాటను ఊరంతా పంచిపెట్టింది. సిరిల్‌కు క్వర్కులకేం కొదవ. కుడి బూటు వేసుకుని, వీధి తలుపు దాకా వెళ్లి చూసొచ్చి, అప్పుడు ఎడమ బూటు వేసుకునేవాడు. రాజుగారి ముద్ర ఉందని మూలమీది ఎర్ర పోస్టు డబ్బాకు రోజూ సెల్యూట్ కొట్టేవాడు. బ్రెడ్డుకు రెండు వైపులా వెన్న రాసి, చేతులు జిడ్డయ్యాయని గొణుక్కునేవాడు. తన కింద ఉన్న ప్రతి మగ్గానికీ ఒక పేరు పెట్టి, అది మొరాయిస్తే ఆ పేరుతో తిట్టేవాడు. ఒంటి మాగ్‌పై పిట్ట కనబడితే అరిష్టమని టోపీ తీసి పలకరించేవాడు గానీ, అది క్వర్కు లెక్కలోకి రాదు. అది ఊరంతా చేస్తుంది.

ఆ మాటకు మన తెలుగులో సరిపడేది వెతికితే చాదస్తం దగ్గరికొస్తుంది. కానీ చాదస్తంలో విసుగుంది, క్వర్కులో కాస్త ముద్దుంది. తిక్క అంటే మనిషి కొట్టడానికొస్తాడు, క్వర్క్ అంటే టీ పోస్తాడు. దానికి పద్ధతులున్నాయి. మనిషి ఎదురుగా అనరు, పక్కవాళ్లతో అంటారు. దానివల్ల ఎవరికీ నష్టం ఉండకూడదు. మనిషి దాన్ని మానుకోలేకపోవాలి, మానుకోమని ఎవరూ అడగకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఒకసారి ఆ మాట అన్నాక ఇంక ఆ సంగతి ఎవరూ కదపకూడదు. నన్నడిగితే ఆ మాట పుట్టిందే అందుకు, తలుపు మూయడానికి. మంచి నూనె రాసిన తలుపు, మెత్తగా మూసుకుంటుంది. లోపల ఎవరైనా ఇరుక్కుంటే ఆ అరుపు బయటికి రాదు.

ఇంకో సంగతుంది. క్వర్క్ అనేది పాతదై ఉండాలి. మనిషితో పాటు పెరిగి, మనిషితో పాటు ముడతలు పడాలి. అరవై ఎనిమిదేళ్లకు కొత్తగా మొదలైంది ఇంకేదైనా అవుతుంది గానీ క్వర్క్ కాదు. ఈ తేడా బ్రాక్‌షాలో మేవిస్ ఒక్కదానికే పట్టింది. అది కూడా తలకిందులుగా పట్టింది.

మిల్లు మూతపడ్డాక సిరిల్ లాలీపాప్ పనిలో చేరాడు. చేరిన కొన్నేళ్లకు, ఒక వేసవి సాయంత్రం, మేవిస్ పోసిన టీ అందుకుని అతను తిన్నగా తాగేశాడు.

కప్పు తిప్పలేదు.

తొందరలో ఉన్నాడేమో అనుకుంది మేవిస్. రెండో కప్పూ తిన్నగానే తాగాడు. మర్నాడు రెండు బూట్లూ ఒకేచోట కూర్చుని వేసుకున్నాడు. వారం తిరక్కుండా పోస్టు డబ్బా పక్కనుంచి, దాన్నెప్పుడూ ఎరగనట్టు నడిచి వెళ్లిపోయాడు. పక్కింటి ఫిలిస్ గోడమీంచి చూసి నవ్వింది.

"మీ ఆయన దారిలో పడ్డాడే మేవిస్! నలభై ఏళ్లకు మనిషిని చేశావు!"

మేవిస్ లోపలికెళ్లి వంటగదిలో తలుపేసుకుని ఏడ్చింది. ఇంట్లోంచి ఒక్కో సామానూ ఎవరో చప్పుడు కాకుండా పట్టుకుపోతున్నట్టుంది ఆమెకు. ఖాళీ అయిన చోట్లలో కొత్తవి వచ్చి చేరాయి. టీ కెటిల్ బట్టల బీరువాలో దొరికింది. ఆమెను రెండుసార్లు తన చచ్చిపోయిన చెల్లెలి పేరుతో పిలిచాడు. ఒకరోజు వెన్న రాసిన బ్రెడ్డు ముక్కను పోస్టు డబ్బాలో వేసి వచ్చాడు. పోస్ట్‌మ్యాన్ దాన్ని కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చిచ్చాడు, నవ్వుతూ. "సిరిల్‌వి మామూలు క్వర్కులు కావండోయ్" అని కూడా అన్నాడు.

మేవిస్ ఫిలిస్‌తో చెప్పుకుంది. "ఆయన ఇదివరకులా లేడే."

"సిరిల్ ఎప్పుడు మనలా ఉన్నాడు చెప్పు? ఆయన తీరే అంత. నువ్వేగా అనేదానివి?"

"అది వేరు, ఇది వేరు."

"నువ్వు ఊరికే కంగారు పడతావు. కూర్చో, టీ పెడతా."

డాక్టర్ పెంబర్టన్ దగ్గరికి తీసుకెళ్లింది. దగ్గు చూపించుకోవడానికని సిరిల్‌తో అబద్ధం చెప్పింది. డాక్టరు ఆ మాటా ఈ మాటా ఆడి, యథాలాపంగా అడుగుతున్నట్టు అడిగాడు.

"ఇప్పుడు మన ప్రధానమంత్రి ఎవరండీ?"

సిరిల్ ఒక్క క్షణం ఆగాడు. "ఆవిడే."

"ఆవిడంటే?"

"ఆ పేరు మా ఇంట్లో ఎత్తమండీ."

డాక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "మిల్లులు మూతపడ్డాక ఈ లోయలో సగం మంది ఎత్తరు లెండి! మిస్టర్ ఆష్‌వర్త్, మీ బుర్ర నాకంటే చురుగ్గా ఉంది." సిరిల్ బయటికెళ్లాక మేవిస్‌తో మెల్లగా అన్నాడు, "వయసు మీద పడితే క్వర్కులు కాస్త ముదురుతాయమ్మా. బెంగపడకండి."

ఆ పేరు సిరిల్‌కు గుర్తు లేదని మేవిస్‌కు తెలుసు. గుర్తున్న రోజుల్లో రోజూ పొద్దున్నే రేడియో ముందు కూర్చుని ఆ పేరు పెట్టే తిట్టేవాడు. ఆ మాట డాక్టరుతో చెబుదామని నోరు తెరిచింది. అప్పటికే డాక్టరు లేచి నిలబడి తలుపు తీసి పట్టుకున్నాడు. అంత మర్యాదగా తీసిపట్టుకున్న తలుపులోంచి వెళ్లకుండా ఎలా కూర్చుంటుంది?

బడి పెద్ద టీచరు మిస్ హాలమ్ దగ్గరికీ వెళ్లింది. అక్కడా టీ వచ్చింది, బిస్కట్లు వచ్చాయి.

"ఆయన ఒంట్లో బాగాలేదండీ" అంది మేవిస్.

"అయ్యో, జలుబా? ఊళ్లో అందరికీ ఉంది."

"జలుబు కాదండీ. రోడ్డు మీద... ఒక్కోసారి ఆయన..." మేవిస్ నీళ్లు నమిలింది. నా మొగుడికి మతి పోతోంది, మీ పిల్లలు ఆ కర్రను నమ్ముకుని రోడ్డు దాటుతున్నారు, ఏదో ఒకరోజు ఘోరం జరుగుతుంది అనాలి. నోటిదాకా వచ్చింది. నలభై ఏళ్లు కాపాడిన మనిషిని ఒక్క వాక్యంతో బజారున పెట్టాలి. "ఆదివారం కూడా నిలబడుతున్నాడండీ" అంది చివరికి.

మిస్ హాలమ్ కళ్లు చెమర్చాయి. "ఎంత అంకితభావం! పిల్లలకు ఆయనంటే ప్రాణం మిసెస్ ఆష్‌వర్త్. క్రిస్మస్ నాటకంలో ఆయనకో వేషం కూడా అనుకున్నారు. ఆయన క్వర్కులు లేకపోతే మా బడికి కళే ఉండదు."

మేవిస్ బిస్కట్ తిని వచ్చేసింది.

తనే అతన్ని ఆపుదామని ఒకసారి ఆ కర్ర తీసుకెళ్లి బొగ్గుల గదిలో దాచింది. సిరిల్ ఇల్లంతా వెతికాడు. మంచం కింద చూశాడు, వెలిగించని ఓవెన్‌లో చూశాడు. చివరికి మేడమెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా వెక్కాడు. "పిల్లలు నిలబడి ఉంటారు మేవిస్. రోడ్డు మీద నిలబడి ఉంటారు." ఆమె బొగ్గుల గదిలోకి వెళ్లి, కర్ర కొంగు... కాదు, ఏప్రన్‌తో తుడిచి తెచ్చిచ్చింది. చెప్పేది వాళ్ల కథే గానీ, నా తెలుగు చెయ్యి ఇలా అలవాటుగా కొంగు దగ్గరికి పోతుంది. ఆ కర్ర అందుకున్నప్పుడు సిరిల్ మొహంలో వచ్చిన వెలుగు చూస్తే ఎవరైనా తెచ్చిచ్చేవారే.

ఆ తర్వాత ఆమెకు తోచిన ఉపాయం ఒక్కటే. బడి విడిచే వేళకు సంచి పట్టుకుని, సామానుకు వెళ్తున్నట్టు, రోడ్డుకు అవతలి వైపు వెళ్లి నిలబడేది. రోజూ. అతన్ని చూస్తూ. ఏదైనా అయితే ఏం చేయగలదో ఆమెకే తెలీదు.

నవంబరులో ఒకరోజు సన్నగా ముసురు పట్టింది. రోడ్డు నల్లగా మెరుస్తోంది. బడి గంట కొట్టారు. పిల్లలు గుంపుగా వచ్చారు. సిరిల్ నడిరోడ్డుకు నడిచి కర్ర ఎత్తాడు. పిల్లలు దిగారు, గోలగోలగా, గొడుగులు ఒకరి మీద ఒకరు పొడుచుకుంటూ. పైన ఏటవాలు మీంచి రాళ్ల క్వారీ లారీ ఒకటి దిగుతోంది.

పిల్లలు సగం దాటారు. సిరిల్ చేతిలో కర్ర మెల్లగా కిందికి దిగింది. అతను దాన్ని ఎగాదిగా చూశాడు, ఎవరో తన చేతిలో పెట్టి మర్చిపోయినట్టు. అటు తిరిగి, పని అయిపోయిన మనిషిలా, ఫుట్‌పాత్ వైపు నడక మొదలుపెట్టాడు. కర్ర దిగడం చూసి లారీవాడు బ్రేకు మీంచి కాలు తీశాడు.

"సిరిల్!" మేవిస్ గావుకేక పెట్టింది.

వానా, పిల్లల గోలా, లారీ రొదా. పైగా మగ్గాల చప్పుడులో బతికిన చెవులు అతనివి, ఏనాడో సగం పోయాయి. సంచి ఎత్తి పిచ్చిదానిలా ఊపింది. అతను తల తిప్పి చూశాడు. చూశాడు గానీ గుర్తుపట్టిన చూపు కాదు.

అప్పుడామె గొంతు వదిలేసింది. నోరు బార్లా సాగదీసి, కనుబొమలెత్తి, షెడ్డులో అన్నట్టే అంది, ఒక్క చప్పుడు లేకుండా:

"నాడె ఇరుక్కుంది! మగ్గం ఆపు!"

సిరిల్ మతికి ఏం అందిందో తెలీదు. అతని చేతికి అందింది. మేస్త్రీ చెయ్యి ఒక్క ఊపున లేచింది, చేతితోపాటు కర్రా లేచింది. లారీ కీచుమంటూ జారి, పిల్లల గొడుగులకు జానెడు దూరంలో నిలబడింది.

పిల్లలకు ఏమీ తెలీలేదు. నవ్వుకుంటూ దాటేశారు. ఆఖరి పిల్ల "థాంక్యూ మిస్టర్ ఆష్!" అని అరిచి పరిగెత్తింది. లారీవాడి మొహం సున్నం కొట్టినట్టుంది. కిటికీ దించుతాడేమో, తిడతాడేమో అని మేవిస్ ఆశగా చూసింది. అతను వేలు ఒకటి ఎత్తి, తల ఊపి, వెళ్లిపోయాడు.

బస్సు కోసం నిలబడ్డ ఫిలిస్ పక్కావిడతో అంటోంది, "చూశావా, ఈ వయసులో కూడా మొగుడూ పెళ్లాల పెదాల కబుర్లు! వీళ్లిద్దరి క్వర్కులకూ అంతం లేదమ్మా."

మేవిస్ రోడ్డు దాటి అతని దగ్గరికి వెళ్లింది. సిరిల్ టోపీ అంచు తాకి, కొత్తవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"రోడ్డు దాటాలాండీ?"

"దాటేశాను" అంది.

"అయితే ఒక సాయం చేస్తారా? ఈ కర్ర కాస్త పట్టుకోండి. ఎవరో పెద్దాయనది, నాకిచ్చి ఎటో వెళ్లాడు. నేను ఇంటికెళ్లాలండీ. మా ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఉంటుంది. నేనొచ్చేదాకా అక్కణ్నించి కదలదు, ఏం చెప్పినా వినదు." సిరిల్ కాస్త ముందుకు వంగి, నవ్వి, గొంతు తగ్గించాడు. "అదో క్వర్క్ ఆవిడకి. చాలా మంచిదండీ. మీరేమీ అనుకోకండి."

ఫిలిస్‌ను, డాక్టరును, మిస్ హాలమ్‌ను ఎవర్ని బతిమాలినా దక్కని కర్ర, ఇంత తేలిగ్గా ఆమె చేతిలోకి వచ్చింది. మేవిస్ దాన్ని తీసుకుంది. తీసుకుని, "నేనేమీ అనుకోను" అంది. అతని చెయ్యి పట్టుకుని ఇంటివైపు నడిపించింది. ఆ కర్ర మళ్లీ అతని చేతికి వెళ్లలేదు. మర్నాడు దాని గురించి అతను అడగలేదు కూడా. అడిగి, వెతికి, మెట్ల మీద కూర్చుని ఏడిస్తే బాగుండునని మేవిస్ చాలా రోజులు ఎదురుచూసింది.

ఆ సాయంత్రం ఇంటి గుమ్మం దగ్గర సిరిల్ ఆగాడు. "లోపలికి రండి, తడిశారు. మా ఆవిడ టీ పెడుతుంది" అన్నాడు.

మేవిస్ లోపలికి వెళ్లింది. కోటు తగిలించింది. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, టీ పెట్టి, కప్పు అతని ముందుంచింది. అతను చెయ్యి చాపబోయేంతలో, సాసరు మీద ఆ కప్పును తనే ఒక చుట్టు పూర్తిగా తిప్పి, అప్పుడు అతని వైపు జరిపింది.

సిరిల్ ఆమె చేసింది చూశాడు. మర్యాదస్తుడు కదా, ఏమీ అనలేదు.